పడిపోవలసిన ప్రోగ్రాము

అక్టోబరు 6, సోమవారం

మధ్యాహ్నం కాలేజీ నుంచి కళ్ళజోళ్ళ వర్క్‌షాపుకు వెళ్ళేసరికి నా కుర్చీలో వదిన కూర్చుని ఉంది.

పొద్దున్న నాకు జడ వేసినప్పుడు కూడా ఒక్క మాట అనలేదు. "చెప్తే ఏం బాగుంటుంది, చూసి ఆశ్చర్యపోతావని ఊరుకున్నా చిట్టీ" అంది. ఆశ్చర్యపోయాను. ఇంకా పోతూనే ఉన్నాను.

పోయిన వారం భోజనాల దగ్గర గొప్పకు పోయింది నేనే. "కొత్త కంప్యూటర్లు వచ్చాక సాన యంత్రానికి ఆర్డర్లు పంపే మా పాత ప్రోగ్రాము నిలబడడం లేదు, పని మధ్యలో పడిపోతోంది, మేడమ్ మొత్తం నా మీదే వదిలేసింది" అన్నాను. అన్నయ్య విని ఊరుకోవచ్చు కదా. "పెళ్ళికి ముందు మీ వదిన చేసింది ఆ టెస్టింగ్ పనేగా" అంటూ వర్క్‌షాపు యజమాని మేడమ్‌కు ఫోన్ చేశాడు. పెళ్ళయి ఆరు నెలలు. మా ఇంట్లో అన్ని గదులూ ఆమెవి అయ్యాయి. మిగిలింది ఈ ఒక్క కుర్చీ.

ఏడాదిగా క్లాసులు అయ్యాక ఇక్కడికి వస్తున్నాను. కళ్ళద్దాలు సాన పట్టే చోట కంప్యూటరు చదివే పిల్లకు ఏం పని అని తోటివాళ్ళు నవ్వారు. నవ్వనీ. "చదువు కాగానే ఈ కుర్చీ నీదే" అని మేడమ్ తన నోటితో అంది. ఈ రోజు గుర్తు చేస్తే, "చూద్దాం అమ్మాయ్. కుర్చీ ఒకటి, మీరు ఇద్దరయ్యారు. నెలాఖరుకు ఎవరో ఒకరిని పర్మనెంటు చేస్తా" అంది.

నిఘంటువు కొన్నప్పటి నుంచి రోజుకొక మాట రాసుకుంటున్నాను. ఈ రోజు మాట మాత్సర్యం. ఇతరుల మేలు చూసి ఓర్వలేకపోవడం. పుస్తకం తెరవగానే ఆ పుట వచ్చింది కాబట్టి రాశాను.

అక్టోబరు 7, మంగళవారం

కనిపెట్టాను. నేనే కనిపెట్టాను.

ఏం జరిగినా కంప్యూటరు తనలో తాను రాసి పెట్టుకుంటుంది, నాకంటే పొదుపుగా. అది తెరిచి చదివాను. ప్రోగ్రాము పడిన ప్రతిసారీ ఒకే ఫిర్యాదు: అనుమతి లేని మెమొరీలో అడుగు పెట్టింది.

సాన యంత్రం నడిపే బాబాయికి ఇలా చెప్పాను. "ఇల్లు అనుకో బాబాయ్. సామాన్ల గదిలో సామాన్లు ఉండాలి, పొయ్యి వంటింట్లోనే వెలిగించాలి. మన ప్రోగ్రాము ముసలిది. దాని కాలంలో ఈ పట్టింపులు లేవు. అలవాటు కొద్దీ సామాన్ల గదిలో పొయ్యి వెలిగించబోతోంది. కొత్త కంప్యూటరులో కాపలావాడు ఉన్నాడు, మెడ పట్టి బయటికి గెంటుతున్నాడు."

బాబాయి చేతులు తుడుచుకుంటూ, "మా ఇంట్లోనూ ఉందమ్మా ఒక కాపలా. హాల్లో బీడీ వెలిగించి చూడు" అన్నాడు.

అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వి, "ఎంత బాగా చెప్పావే. ఇంతకీ కాపలావాళ్ళు ఎంతమంది ఉన్నారో చూశావా?" అంది. నేను చూడలేదని నలుగురికీ తెలియాలి కదా. తర్వాత చూశాను. ఒక్కడు కాదు, పెద్ద జాబితాయే ఉంది. సామాన్ల గదిలో పొయ్యి పెట్టకుండా చూసేవాడు ఒకడు, పక్కవాడి సామాను మీద మన సామాను పడేయకుండా చూసేవాడు ఇంకొకడు, ఇలా. ఎవరిని కావాలంటే వాళ్ళను మా ప్రోగ్రాము వరకు పక్కకు తప్పించవచ్చు. పేరు ఎదురుగా గుర్తు తీసేస్తే చాలు.

వదిన పద్ధతి చూస్తే నిద్ర వస్తుంది. ఒక గుర్తు తీస్తుంది. ప్రోగ్రాము నడుపుతుంది. పడిందా, ఆ గుర్తు మళ్ళీ పెట్టేసి కాగితం మీద గీత గీసుకుని రెండోదానికి వెళ్తుంది.

"ఇలా అయితే నీ మనవలు కూడా వచ్చి సాయం పట్టాలి వదినా" అన్నాను.

"అన్నీ ఒకేసారి తీస్తే దేనివల్ల కుదిరిందో తెలియదు కదా. అయినా అన్నిసార్లూ ఒకే కారణంతో పడుతోందని ఏముంది?"

అన్నిసార్లూ ఒకటే ఫిర్యాదు అని నేను చెప్పాక ఈ మాట అనడం ఎందుకు?

ఇంకో సంగతి. ఇన్నాళ్ళూ ఆర్డర్లు బాబాయి కొట్టేవాడు. ఆయన ఎవరి పేరూ రాయడు. గళ్ళచొక్కా, ఫోను మాట్లాడే ఆవిడ, చిన్న చెవులు, ఇలా కొడతాడు. ఎవరి అద్దాలూ తారుమారు కాలేదు. వదిన వచ్చిన మర్నాడే, "పేర్లు పూర్తిగా కొడదాం బాబాయ్ గారూ, రేపు ఇద్దరు గళ్ళచొక్కాలు వస్తే?" అంది. మేడమ్ అబ్బా అంది. ఏడాదిలో నాకు తట్టనందుకు నన్నొకసారి చూసింది.

అక్టోబరు 8, బుధవారం

నాకు అసూయ లేదు. తలనొప్పి ఉంది.

అక్టోబరు 9, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న వదిన సగం తేల్చేసిందట. నేను క్లాసులో పాఠం రాసుకుంటున్నప్పుడు. ఫ్రేము ఆకారం చదివే భాగం ఒకటి మా ప్రోగ్రాములో ఉంది, దాన్ని రాసినవాళ్ళు ఎవరో, ఎక్కడున్నారో కూడా తెలియదు. అది లేచినప్పుడల్లా ప్రోగ్రాము పడుతోంది. సామాన్ల గదిలో పొయ్యి వెలిగిస్తున్నది అదే. ఆ ఒక్క కాపలావాడిని తప్పిస్తే అది నిలబడింది.

"ఇంకా అప్పుడప్పుడు వేరేగా పడుతోంది చిట్టీ. అది ఎందుకో తెలియలేదు. అది కూడా చూశాక మేడమ్‌కు ఇద్దరం కలిసి చెబుదాం" అంది.

ఇద్దరం కలిసి. అంటే ఆమె వెతికినదానికి నేను పక్కన నిలబడి తల ఊపాలి. ఇంట్లో అమ్మ ఎవరికైనా కూర రుచి చూపిస్తూ, "మా కోడలు చేసింది, చిట్టి కూడా కూరగాయలు తరిగింది" అంటుంది. అలాగ.

వదిన భోజనానికి వెళ్ళింది. జాబితా తెరిచి ఉంది. మేడమ్ అటుగా వస్తూ, "ఏమైందమ్మా, ఈ పూటకైనా నిలబడుతుందా? ఆర్డర్లు కొండలా పడి ఉన్నాయి" అంది.

"ఇప్పుడే అయిపోతుంది మేడమ్" అన్నాను.

గుర్తులన్నీ తీసేశాను. పై నుంచి కింది దాకా. ప్రోగ్రాము నడిపాను. ఫ్రేము చదివింది. అంకెలు తీసుకుంది. యంత్రానికి పంపింది. ఇంకో ఆర్డరు, ఇంకోటి. పడలేదు. బాబాయి యంత్రం ఆగకుండా తిరుగుతుంటే ఆ చప్పుడు నాకు చప్పట్లలా వినబడింది.

మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసి, "ఏడాది నా దగ్గర పెరిగిన పిల్ల" అంది. వదిన చేయి కడుక్కుని అప్పుడే లోపలికి వస్తోంది. విన్నది.

తర్వాత మెల్లగా అడిగింది. "దేన్ని తీశావు?"

"తీయవలసినదాన్ని."

"ఒక్కదాన్నేనా?"

"ఒక్కదాన్నే."

జరిగింది జరిగినట్టే రాశాను.

అక్టోబరు 10, శుక్రవారం

రోజంతా ఒక్కసారి కూడా పడలేదు. ఈ రోజు మాట: నిరాటంకం.

అక్టోబరు 11, శనివారం

సెలవు కాబట్టి పొద్దున్నే వెళ్ళాను. ఆర్డర్లు నేనే కొట్టాను. వదినలాగే పూర్తి పేర్లతో కొట్టాను. వదినకంటే పూర్తిగా కొట్టాను. ఒక బస్సు డ్రైవరు వచ్చాడు, రాత్రి సర్వీసు. ఇంటిపేరు, తండ్రి పేరు, అసలు పేరు, చివర బ్యాడ్జి నంబరు, అన్నీ అడిగి కొట్టాను. "ఇన్ని ఎందుకమ్మా, నన్నేమైనా అరెస్టు చేస్తారా?" అన్నాడు పాపం. గురువారం పొద్దున్న డ్యూటీ దిగి వచ్చి తీసుకుంటానన్నాడు.

వదిన నా వెనక నిలబడి, "పేర్లు బాగా కొడుతున్నావు" అంది. మెచ్చుకుందో ఎద్దేవా చేసిందో తెలియలేదు. ఆమెతో అదే కష్టం. ఎద్దేవా చేస్తే ఎంతో సుఖంగా ఉండేది.

అక్టోబరు 13, సోమవారం

ఈ రోజు వదినకు చీవాట్లు పడ్డాయి.

నేను వెళ్ళేసరికి రిటైర్డ్ హెడ్మాస్టరు ఒకాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మోకాలికి కట్టు. శుక్రవారం ఆర్డరు ఇచ్చి శనివారం సాయంత్రం కళ్ళజోడు తీసుకెళ్ళాడట.

"అమ్మా, నేను ఎక్కుతుంటే మెట్లు ఒక పక్కకు వంగి నమస్కారం పెడుతున్నాయి. ముప్పై ఏళ్ళు పిల్లలు పెట్టారు, మెట్లు పెట్టడం ఇదే మొదలు" అన్నాడు. అంటూ నవ్వాడు కానీ మోకాలు చాపుకునేటప్పుడు పళ్ళు బిగించాడు. ఆఖరి మెట్టు ఉన్న చోట కాకుండా ఇంకో చోట కనబడిందట.

బాబాయి ఆ కళ్ళజోడును పవరు చూసే మీటరులో పెట్టి చూశాడు. ఎడమ అద్దం ఏ కోణంలో తిప్పి కోయాలో డాక్టరు చీటీలో ఒక అంకె ఉంది, అద్దంలో ఇంకో అంకె వచ్చింది. యంత్రానికి వెళ్ళినదీ ఆ తప్పు అంకే. ఆర్డరు కొట్టింది ఎవరు? వదిన.

"చీటీ చూసే కొట్టాను మేడమ్. రెండుసార్లు సరిచూశాను" అంది వదిన.

"సరిచూస్తే ఆయన కాలికి ఆ కట్టెందుకు?" అంది మేడమ్. అందరి ముందూ అంది. "పేర్లు పూర్తిగా కొట్టడం తెలుసు. అంకెలు కొట్టడం కూడా తెలియాలి. ఇవాళ్టి నుంచి నువ్వు చీటీలు, పొట్లాలు చూసుకో. కంప్యూటరు చిట్టి చూసుకుంటుంది."

హెడ్మాస్టరే, "పోనీలెండి, కొత్త పిల్లలా ఉంది" అన్నాడు. వదిన ఆయనకు మంచినీళ్ళు ఇచ్చి, తెరమీద ఉన్న ఆయన ఆర్డరు వైపు చూసింది. పేరు వెనక ఆయన తన డిగ్రీలన్నీ రాయించుకున్నాడు. పేరు పెట్టె చాలక చివరి అక్షరాలు కనబడకుండా పోయాయి. చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది.

నేను నా కుర్చీలో కూర్చున్నాను. మెత్తగా ఉంది.

ఇంటికి వచ్చాక భోజనాల దగ్గర అన్నయ్య, "ఏమే, మీ వదిన ముఖం అలా ఉందేం?" అన్నాడు. "తప్పు చేస్తే మేడమ్ ఎవరినైనా అంటుంది. నన్ను అనలేదా ఏడాది పొడుగునా?" అన్నాను. రెండో ముద్ద కూడా హాయిగా దిగింది. ఇది రాయకూడదేమో. రాశాను.

అక్టోబరు 14, మంగళవారం

వదిన పొట్లాలు కట్టే బల్ల దగ్గర కూర్చుని తయారైన కళ్ళజోళ్ళు ఒక్కొక్కటే మళ్ళీ మీటరులో పెట్టి చూస్తోంది. ఎవరూ చెప్పలేదు. తను కొట్టిన ఆర్డర్ల ట్రే అయ్యాక, నేను కొట్టినవి ఉన్న నా ట్రే వైపు చెయ్యి చాపింది.

"నావి ముట్టుకోకు వదినా. నా అంకెలు సరిగ్గానే ఉంటాయి" అన్నాను.

చెయ్యి వెనక్కి తీసుకుంది.

సాయంత్రం అందరూ టీకి లేచినప్పుడు ఊరికే, ఏ కారణమూ లేకుండా, హెడ్మాస్టరు ఆర్డరు మళ్ళీ కొట్టాను. ముందు అంకెలు. సరిగ్గా ఉన్నాయి. తర్వాత పేరు. అంకెలు ఇంకా సరిగ్గా ఉన్నాయి. తర్వాత డిగ్రీలు. రెండో డిగ్రీ దగ్గర కోణం అంకె నా కళ్ళ ముందే మారిపోయింది.

చెరిపేసి మళ్ళీ కొట్టాను. మళ్ళీ మారింది.

పేరుకు కేటాయించిన చోటు చిన్నది. పేరు పొడుగైతే మిగిలిన అక్షరాలు పక్కనున్న అంకె మీద పడుతున్నాయి. పక్కవాడి సామాను మీద పడేయకుండా చూసే కాపలావాడు ఉంటే ఆ క్షణమే ప్రోగ్రామును పడగొట్టేవాడు. అప్పుడప్పుడు వేరేగా పడుతోందని వదిన అన్నది ఇదే. బాబాయి గళ్ళచొక్కా అని కొట్టినన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. ప్రోగ్రాము పడిపోవడం జబ్బు అనుకున్నాను. అది కేక. నేను దాని నోరు మూశాను.

ఎవరైనా చూశారా అని చుట్టూ చూశాను. లేదు. ప్రోగ్రాము మూసేసి టీకి వెళ్ళాను.

రేపు ఆలోచిస్తాను.

అక్టోబరు 15, బుధవారం

ఆలోచించలేదు. రోజంతా పొట్టి పేర్లు కొట్టాను. పేరు పొడుగుగా ఉంటే సగంలో ఆపేశాను. ఇలా జాగ్రత్తగా ఉంటే ఏమీ కాదు అనుకున్నాను.

సాయంత్రం ఆరేసిన బట్టలు తెమ్మని అమ్మ డాబా మీదికి పంపింది. నీళ్ళ ట్యాంకు వెనక అన్నయ్య, వదిన మాట్లాడుకుంటున్నారు. దుప్పటి అడ్డం ఉంది. నేను కదలలేదు.

"నువ్వు కొట్టింది తప్పు కాదని తెలిసినప్పుడు మేడమ్‌కు చెప్పడానికేం?" అంటున్నాడు అన్నయ్య.

"చెప్తే ఎవరి తప్పని అడుగుతారు కదండీ. సోమవారమే చూశాను. జాబితాలో గుర్తులన్నీ తీసేసి ఉన్నాయి."

"చిట్టీనా?"

"ఊఁ. తొందరలో చేసింది. ఏడాదిగా ఆ కుర్చీ కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురు చూస్తోంది. నేను ఇంకో చోట వెతుక్కుంటాను, నాకు దొరుకుతుంది. నేను కొట్టిన ఆర్డర్లన్నీ మళ్ళీ మీటరులో చూశాను. ఒకటి తేడాగా ఉంటే బాబాయితో మళ్ళీ కోయించాను. దాని ట్రే మాత్రం ముట్టుకోనివ్వడం లేదు. శనివారం నేను చూసిన పేర్లేవీ పెట్టె దాటలేదు, మిగతావీ పొట్టిగానే కొట్టి ఉంటుంది లెండి, తెలివైన పిల్ల. ఒకటి రెండు రోజులు చూస్తాను, తనే చెప్పుకుంటుందేమోనని. లేకపోతే నేనే తప్పు కొట్టానని ఒప్పుకుని మానేస్తాను, గుర్తులు సరిచేసి మరీ మానేస్తాను."

"నువ్వు మరీ మంచిదానివి" అన్నాడు అన్నయ్య.

అన్నాడు. ఏ గొంతుతో అన్నాడో నాకు తెలుసు. చిన్నప్పుడు నేను సైకిలు మీద నుంచి పడి ఏడవకుండా లేచి నిలబడితే నాతో అన్న గొంతు అది.

దుప్పటిని పట్టుకుని నిలబడ్డాను. సిగ్గు వేసిందని రాస్తే అందంగా ఉంటుంది. మొదట వేసింది సిగ్గు కాదు. మంట. వంట ఆమెది, అన్నయ్య ఆమె వాడు, అమ్మ మెచ్చుకోళ్ళు ఆమెవి, పద్ధతిగా పని చేయడం ఆమెది. చివరికి మంచితనం కూడా ఆమెదేనా? నా తప్పును తన నెత్తిన వేసుకుని, కుర్చీ నాకు భిక్ష వేసి వెళ్ళిపోతుందట. నేను ఆ కుర్చీలో జీవితాంతం ఆమె దయ మీద కూర్చోవాలట.

అప్పుడు గుర్తొచ్చాడు డ్రైవరు.

ఇంటిపేరు, తండ్రి పేరు, అసలు పేరు, బ్యాడ్జి నంబరు. ఆ పొట్లం నా ట్రేలో ఉంది. ఎవరినీ ముట్టుకోనివ్వని నా ట్రేలో. వదిన తెలివైన పిల్ల అనుకుంటున్న నేను కొట్టిన పేరు అది, హెడ్మాస్టరు పేరుకంటే పొడుగు. రేపు పొద్దున్న వచ్చి తీసుకుంటాడు. రేపు రాత్రి అవి పెట్టుకుని బస్సు నడుపుతాడు. హెడ్మాస్టరుకు మెట్లు వంగాయి. ఇతనికి రోడ్డు వంగుతుంది, వెనక నలభై మంది నిద్రపోతూ ఉంటారు.

బట్టలు మడత పెట్టకుండానే కిందికి తెచ్చి పడేసి మేడమ్‌కు ఫోన్ చేశాను. షట్టరు దించాక ఆమె ఫోను కూడా కట్టేస్తుంది. మోగనే లేదు. బాబాయికి చేశాను. "రేపు డ్రైవరు వస్తే నేను వచ్చేదాకా పొట్లం ఇవ్వకు బాబాయ్" అన్నాను. "షాపు తెరిచేది మేడమ్ కదమ్మా, నేను వచ్చేసరికి ఆయన వచ్చి వెళ్ళిపోయినా పోతాడు. ఏమైంది?" అన్నాడు. రేపు చెప్తానన్నాను.

అన్నం తినేటప్పుడు వదిన, "ఏంటి చిట్టీ, ముద్ద దిగడం లేదా? పెరుగు వేయనా?" అంది. వద్దన్నాను. వేసింది. తిన్నాను.

కుర్చీ పోతుంది. ఆ సంగతి ఇక్కడ ఒకసారి స్పష్టంగా రాసుకుంటే రేపు కాళ్ళు వెనక్కి లాగవు. మేడమ్ నన్ను ఉంచుకోదు. వదినను ఉంచుకుంటుంది. ఉంచుకోవలసింది కూడా ఆమెనే. ఈ వాక్యం రాయడానికి ఇంతసేపు పట్టింది, పెన్నులో సిరా ఉన్నా.

రేపు క్లాసు ఎగ్గొట్టాలి. మొదటి బస్సుకే వెళ్ళి షట్టరు దగ్గర నిలబడాలి. మేడమ్ తాళం తీయగానే ముందు డ్రైవరు పొట్లం చేతిలోకి తీసుకోవాలి, అతను వస్తే కూర్చోబెట్టాలి. తర్వాత జాబితా తెరిచి గుర్తులన్నీ మళ్ళీ పెట్టాలి, ఫ్రేము భాగం కోసం ఆ ఒక్కటి తప్ప. తర్వాత మేడమ్‌ను పక్కన నిలబెట్టుకుని ఆ డ్రైవరు పేరు మొత్తం, బ్యాడ్జి నంబరుతో సహా కొట్టాలి. ప్రోగ్రాము ఆమె కళ్ళ ముందు పడిపోవాలి. పడిపోగానే, ఆ గుర్తులన్నీ తీసింది నేనేనని, వదిన అంకెలు కొట్టడంలో తప్పేమీ లేదని చెప్పాలి.

వదిన రెండో బస్సుకు వస్తుంది. ఆమె వచ్చి నోరు తెరిచేలోపే అంతా చెప్పేసి ఉండాలి. అలారం పెట్టాను. జడ నేనే వేసుకుంటాను.